తిన్న చిప్ప తిరిగి నీళ్ళలోకి



అమెరికా తూర్పు తీరాన, మేరీలాండ్ రాష్ట్రంలో క్రిస్‌ఫీల్డ్ అని చిన్న రేవు ఊరుంది. ఆ ఊళ్ళో రేవు వైపు నడుస్తుంటే కాళ్ళ కింద ఉండేది అసలు నేల కాదు, ఆల్చిప్పలు. 1866 ప్రాంతంలో అక్కడికి రైలు వచ్చింది. పట్టి తెచ్చిన ఆల్చిప్పల్ని రేవులోనే తెరిచి, లోపలి మాంసాన్ని మంచులో పెట్టి రైలెక్కించేవారు. ఖాళీ చిప్పల్ని పక్కనున్న బురద మీద పోసేవారు. పోసినకొద్దీ బురద గట్టిపడింది. దాని మీదే గోదాములు కట్టారు, పట్టాలు పరిచారు, వీధులు వేశారు. ప్రపంచంలోనే సముద్రాహారానికి రాజధాని మాదే అని ఆ ఊరు గొప్పగా చెప్పుకునేది.

ఊరి కింద పడి ఉన్న ఆ చిప్పల గురించే ఇవాళ నేను మాట్లాడబోయేది. అవి ఉండాల్సిన చోటు అది కాదు.

వాటి చోటు చీసపీక్ అఖాతం అడుగున. దాదాపు 320 కిలోమీటర్ల పొడవైన అఖాతం అది. సస్క్వెహానా, పొటోమాక్, రాపహానక్, యార్క్, జేమ్స్ నదులు పైనుంచి మంచినీళ్ళు దింపుతుంటాయి, కింది కొసన అట్లాంటిక్ సముద్రం ఉప్పునీళ్ళు తోస్తుంటుంది. పైసగం మేరీలాండ్‌ది, కిందిసగం వర్జీనియాది. ఇంత పొడవున్నా లోతు సగటున ఆరున్నర మీటర్లే. చాలాచోట్ల మనిషి దిగి నిలబడవచ్చు. ఉప్పూ తీపీ కలిసిన లోతు తక్కువ నీళ్ళు ఆల్చిప్పకు పుట్టిల్లు.

మనకు ఆల్చిప్ప అనగానే ముత్యం గుర్తొస్తుంది, ముత్యం అనగానే స్వాతి కార్తె వాన గుర్తొస్తుంది. ఇక్కడ ఆ ముచ్చట లేదు. శాస్త్రజ్ఞులు క్రాసోస్ట్రియా వర్జీనికా అని పిలిచే ఈ జాతి నగలకు పనికొచ్చే ముత్యం ఇవ్వదు. ఇది తినే ఆల్చిప్ప. వేసవిలో నీళ్ళు వెచ్చబడ్డాక ఆడవి గుడ్లనూ మగవి బీజాన్నీ నేరుగా నీళ్ళలోకి వదిలేస్తాయి. ఇందులో ఇంకో వింత ఉంది. చాలావరకు ఇవి మగవిగా బతుకు మొదలుపెట్టి, ఒకటి రెండేళ్ళు గడిచాక ఆడవిగా మారతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కంటికి ఆననంత చిన్నది. రెండు మూడు వారాలు నీళ్ళలో ఈదుతుంది. ఆ గడువులోగా దానికి గట్టి ఆధారం దొరికి తీరాలి. దొరికితే చిన్న కాలొకటి చాపి, తడిమి చూసుకుని, జిగురు వదిలి అతుక్కుంటుంది. ఆ తర్వాత చచ్చేదాకా అక్కడినుంచి కదలదు. బురదలో పడిందంటే మాత్రం ఊపిరాడక పోతుంది.

దానికి అన్నిటికన్నా నచ్చే ఆధారం ఇంకో ఆల్చిప్ప. తాతల చిప్పల మీద తండ్రులు, తండ్రుల చిప్పల మీద పిల్లలు. అలా వేల ఏళ్ళు పేరుకుని అఖాతం అడుగున దిబ్బలు లేచాయి. 1701లో అక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ లూయీ మిషెల్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు, తమ పడవ ఆల్చిప్పల దిబ్బకు తగిలి ఆగిపోతే పోటు వచ్చేదాకా కూర్చోవలసి వచ్చిందని రాసుకున్నాడు.

ఒక్కచోట అతుక్కున్న ప్రాణి తిండెలా సంపాదిస్తుంది? నీళ్ళు లోపలికి పీల్చి, అందులోని నాచు నలుసుల్ని మొప్పలతో వడకట్టుకుని, నీళ్ళు బయటికి వదిలేస్తుంది. పరిస్థితులన్నీ అనుకూలిస్తే పెరిగిన ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల దాకా వడకడుతుంది. రోజర్ న్యూవెల్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో ఒక అంచనా కట్టాడు. 1870కి ముందున్న ఆల్చిప్పలన్నీ కలిస్తే చీసపీక్ నీళ్ళన్నిటినీ మూడు నుంచి ఆరు రోజుల్లో ఒకసారి వడకట్టేవట. ఆయన లెక్క కట్టేనాటికి మిగిలినవాటికి అదే పనికి ఏడాది దగ్గర పట్టేది. ఇది అంచనాయే, అయినా అఖాతం ఏం పోగొట్టుకుందో ఇంతకన్నా బాగా చెప్పిన లెక్క నాకు కనపడలేదు.

ఎలా పోయాయి మరి? తినేశారు అంటే సగమే చెప్పినట్టు.

అమెరికా అంతర్యుద్ధం ముగిశాక మేరీలాండ్‌లోని బాల్టిమోర్‌లో ఆల్చిప్పల్ని డబ్బాల్లో నింపే కర్మాగారాలు పెరిగిపోయాయి. రైళ్ళు పడమటి రాష్ట్రాలకు ఆల్చిప్పలు మోశాయి. 1884-85 చలికాలంలో ఒక్క మేరీలాండ్‌లోనే సుమారు కోటిన్నర బుషెళ్ళు పట్టారు. బుషెల్ అంటే దాదాపు 35 లీటర్లు పట్టే బుట్ట. అందులో ఆల్చిప్పలు మూడు వందల దాకా పడతాయి. మొదట్లో పడవ మీద నిలబడి పొడుగాటి చెక్క పటకార్లు నీళ్ళలోకి దించి ఏరుకునేవారు. తర్వాత డ్రెడ్జ్ వచ్చింది. ఇనుప పళ్ళున్న సంచి అది. తెరచాప పడవ వెనక కట్టి లాగితే దిబ్బను గీరుకుంటూ చిప్పల్ని పెళ్ళగించి తెస్తుంది. పటకార్లవాళ్ళకూ డ్రెడ్జ్‌వాళ్ళకూ పడేది కాదు, మేరీలాండ్‌వాళ్ళకూ వర్జీనియావాళ్ళకూ అసలే పడేది కాదు. తుపాకులు పేలాయి. మేరీలాండ్ 1868లో ఏకంగా ఆల్చిప్పల నౌకాదళాన్ని పెట్టింది. 1882లో వర్జీనియా గవర్నరు విలియం కామెరాన్ స్వయంగా ఓడెక్కి రాపహానక్ ముఖద్వారం దగ్గర దొంగ డ్రెడ్జ్ పడవల్ని పట్టుకుని వీరుడైపోయాడు. మరుసటి ఏడు మళ్ళీ వెళితే పడవలు తప్పించుకున్నాయి, పత్రికలు ఆయన్ని ఆటపట్టించాయి. ఈ గొడవలకు ఆల్చిప్పల యుద్ధాలు అనే పేరే స్థిరపడింది. పొటోమాక్ నది మీద ఆఖరి ప్రాణం పోయింది 1959లో. అంటే ఇదేమీ మరీ పురాతన చరిత్ర కాదు.

దిబ్బల్ని నిజంగా కుంగదీసింది మాత్రం తుపాకులు కాదు. మాంసం తిన్న తర్వాత చిప్పలు నీళ్ళకు తిరిగి వెళ్ళలేదు. రోడ్లకు పోశారు, రైలు కట్టల కింద పోశారు, కాల్చి సున్నం చేశారు, పొడిచేసి కోళ్ళకు మేతలో కలిపారు. పంట కోసుకుని ఊరుకోకుండా చేలో మట్టి కూడా తవ్వి అమ్ముకున్నట్టయింది. పిల్ల ఆల్చిప్పలు కోట్లలో పుడుతున్నా అతుక్కునే చోటు లేదు, కిందంతా బురద. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు విలియం బ్రూక్స్ 1891లో ఆల్చిప్ప మీద పుస్తకమే రాసి, ఏరుకోవడం మాని సాగు చేయండని మొత్తుకున్నాడు. చెప్పినది సరైనదే, విన్నవాళ్ళు లేరు.

ఇక్కడ రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. 1890ల మొదట్లో వర్జీనియా, జేమ్స్ బేలర్ అనే అధికారి చేత సర్వే చేయించింది. సహజంగా ఆల్చిప్పలు పెరిగే దిబ్బలు అందరివీ, మిగతా నీటి అడుగు కౌలుకు తీసుకుని సాగు చేసుకోవచ్చు అని గీత గీసింది. మేరీలాండ్ మత్స్యకారులు కౌలు మాటే పడనివ్వలేదు. నీళ్ళు ఎవరి సొత్తూ కాదు, కంపెనీలు వచ్చి మమ్మల్ని కూలీలను చేస్తాయి అన్నది వాళ్ళ భయం. ఆ భయం అర్థంలేనిదని నేననను. కొల్లేరు చుట్టూ చేపల చెరువులతో ఏం జరిగిందో చూసినవాళ్ళం మనం. ఆ వాదన బలం వల్ల మేరీలాండ్‌లో కౌలు చట్టం సరిగ్గా సవరించడానికి 2009 దాకా పట్టింది. ఒకే నీళ్ళు, పక్కపక్క రాష్ట్రాలు, నూరేళ్ళకు పైగా తేడా.

20వ శతాబ్దం మధ్యలో రెండు రోగాలు కూడా తోడయ్యాయి. ఒకదాన్ని డెర్మో అంటారు, చీసపీక్‌లో 1949లో గుర్తించారు. రెండోది ఎంఎస్‌ఎక్స్, 1959లో బయటపడింది. మనిషికి వీటి వల్ల ఏ హానీ లేదు. ఆల్చిప్ప మాత్రం సరిగ్గా అమ్మకానికొచ్చే వయసులో చచ్చిపోయేది. పొలాల ఎరువులు, పట్టణాల మురుగు నీళ్ళలో నాచును పెంచేశాయి. వడకట్టేవాళ్ళు లేని చోట నాచు చచ్చి కుళ్ళి నీళ్ళలో ఆక్సిజన్ లాగేసింది. ఒకప్పటి సంపదలో ఒకటి రెండు శాతం మిగిలిందంటారు. 2000 తర్వాత కొందరు విసిగిపోయి ఆసియా ఆల్చిప్పను తెచ్చి వదులుదామన్నారు. రోగాలు తట్టుకుంటుంది, త్వరగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి పరిశీలించి 2009లో వద్దనుకున్నారు. పరాయి జాతితో పాటు ఏ పరాయి జబ్బులు దిగుతాయో ఎవరు చెప్పగలరు? గుర్రపుడెక్కను అందం కోసం తెచ్చుకున్న దేశం వాళ్ళం, ఆ నిర్ణయం విలువ మనకు వేరే చెప్పనక్కర్లేదు.

అప్పుడు మొదలైంది దిబ్బలు కట్టే పని. చెప్పడానికి తేలిక. అడుగున చిప్పలు పోయాలి, వాటి మీద పిల్లల్ని అతికించాలి, ఎవరూ ముట్టకుండా కాపలా కాయాలి. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి కేంబ్రిడ్జ్ పట్టణం దగ్గర హార్న్ పాయింట్ అనే చోట హేచరీ ఉంది. అక్కడ పెద్ద తొట్లలో ఖాళీ చిప్పలు నింపి, ఈదే పిల్లల్ని వదులుతారు. అవి చిప్పలకు అతుక్కున్నాక పడవల్లో తీసుకెళ్ళి నదిలో పోస్తారు. 2014లో రాష్ట్రాలూ కేంద్రమూ కలిసి ఒప్పందం రాసుకున్నాయి, 2025 నాటికి పది ఉపనదుల్లో ఆల్చిప్పల్ని తిరిగి నిలబెట్టాలని. మొదటి పెద్ద ప్రయత్నం మేరీలాండ్‌లోని హ్యారిస్ క్రీక్. సుమారు 350 ఎకరాలు, 200 కోట్లకు పైగా పిల్లలు, కోట్ల డాలర్ల ఖర్చు. 2015కల్లా పిల్లల్ని పోయడం పూర్తయింది. తర్వాత ఏళ్ళలో దిగి చూస్తే చాలా దిబ్బల మీద అనుకున్నంత చిక్కగా బతికి ఉన్నాయి. వర్జీనియాలో నార్‌ఫోక్ నగరం మధ్యనుంచి పారే లాఫాయెట్ నదిలో పని 2018లో అయింది. అది పల్లెటూరి ఏరు కాదు, చుట్టూ ఇళ్ళూ రోడ్లూ ఉన్న నగరపు నీళ్ళు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, పోయడానికి చిప్పలు లేవు. శతాబ్దంన్నర పాటు రోడ్లకు పోశారు కదా. ఫ్లోరిడాలో భూమిలోంచి తవ్విన పాతకాలపు శిలాజ చిప్పల్ని గూడ్సు రైళ్ళలో తెప్పించారు. రాళ్ళు పోశారు. ఒకప్పుడు క్రిస్‌ఫీల్డ్ నుంచి రైళ్ళు మాంసం మోసుకెళ్ళాయి, ఇప్పుడు ఫ్లోరిడా నుంచి రైళ్ళు చిప్పలు మోసుకొచ్చాయి! ఆ కొత్త దిబ్బల్లో కొన్ని అనుకున్నదానికన్నా ఎత్తు లేచి పడవల అడుగులకు తగిలాయి. పీతల కోసం పొడుగాటి తాళ్ళు వేసేవాళ్ళకు రాళ్ళలో తాళ్ళు చిక్కుకున్నాయి. మిషెల్ పడవకు జరిగిందే మూడు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ జరిగింది, ఈసారి ప్రభుత్వ ఖర్చుతో. అక్కడి మత్స్యకారుల్ని వాటర్‌మెన్ అంటారు. కోప్పడ్డారు. 2010లోనే మేరీలాండ్ తన దిబ్బల్లో నాలుగో వంతు దాకా రక్షిత ప్రాంతాలుగా మూసేసింది. తరతరాలుగా చలికాలమంతా తిండి పెట్టిన చోటు ముట్టుకోకూడదంటే ఎవరికైనా మండుతుంది. నా మాట అడిగితే, మూయడం అవసరమే. కానీ దిబ్బ ఎక్కడ కట్టాలో నిర్ణయించేటప్పుడు ఆ నీళ్ళ అడుగు అరచేతిలా తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకపోవడం తెలివితక్కువ.

ఇక సాగు. మన భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న శ్రోతలు ఈ భాగం జాగ్రత్తగా వినాలి. ఆల్చిప్పల సాగులో మేత ఖర్చు సున్నా. ఏరేటర్లు లేవు, మందులు లేవు, కరెంటు బిల్లు లేదు. హేచరీ నుంచి సీడు తెచ్చి, వల సంచుల్లోనో తీగ బోనుల్లోనో వేసి ఏట్లో పెడితే నీళ్ళే మేపుతాయి. పైగా నీళ్ళు వాడినకొద్దీ శుభ్రపడతాయి తప్ప చెడవు. అలాగని సుఖమైన పని కాదు. బోనుల మీద పాచి, గవ్వలు పేరుకుంటాయి, కడగాలి. ఆల్చిప్పల్ని అప్పుడప్పుడు తిరగలేసి దొర్లించాలి, లేకపోతే పొడుగ్గా సన్నగా పెరుగుతాయి. హోటలువాడికి గుండ్రంగా, లోతుగా ఉన్న చిప్ప కావాలి. సైజుల వారీగా ఏరాలి. జనవరిలో ఆ నీళ్ళలో చేతులు పెట్టి చేయాల్సిన పని ఇదంతా.

సాగును నిలబెట్టింది ప్రయోగశాల. వర్జీనియా సముద్ర విజ్ఞాన సంస్థ గ్లౌస్టర్ పాయింట్‌లో 1997లో ఆల్చిప్పల జన్యు కేంద్రం పెట్టింది. స్టాండిష్ అలెన్ దానికి సారథ్యం వహించాడు. రోగాలను తట్టుకునే వంశాలను ఎంపిక చేశారు. దాంతోపాటు ట్రిప్లాయిడ్ ఆల్చిప్పను వాడుకలోకి తెచ్చారు. మామూలు ఆల్చిప్పకు క్రోమోజోములు రెండు వరుసలుంటే దీనికి మూడు. పిల్లల్ని పెట్టలేదు. ఆ శక్తంతా ఒంటికి పడుతుంది. అడవి ఆల్చిప్ప మూడంగుళాలు పెరగడానికి రెండు మూడేళ్ళు పడితే, ఇది ఏడాదిన్నరకల్లా చేతికొస్తుంది. ఇంగ్లీషు నెలల పేర్లలో ఆర్ అక్షరం ఉన్నప్పుడే, అంటే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే ఆల్చిప్పలు తినాలన్న పాత నియమం ఉండేది. వేసవిలో గుడ్లు పెట్టే ఆల్చిప్ప నీరసించి పల్చగా ఉంటుంది. గుడ్లే పెట్టని దానికి ఆ ఇబ్బంది లేదు, ఏడాది పొడుగునా అమ్ముకోవచ్చు. వర్జీనియాలో 2005లో సాగు ఆల్చిప్పలు పది లక్షలు కూడా అమ్ముడుపోలేదు. పదేళ్ళు తిరక్కుండానే అమ్మకం మూడు కోట్లు దాటింది.

సాగు మళ్ళీ లేచిన ఈ కథలో పేరున్న కుటుంబం ఒకటుంది. రాపహానక్ నదిలో 1899లో కౌలు తీసుకున్న క్రాక్స్‌టన్ కుటుంబం. వ్యాపారం చతికిలబడ్డాక 2001లో ముని మనవలు ట్రావిస్, రయన్ అనే ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత టాపింగ్ అనే పల్లెలో నది ఒడ్డునే రుచి చూపించే చిన్న శాల తెరిచారు. ఎదురుగా ఆల్చిప్పలు పెరిగే నది, బల్ల మీద ఆ నదిలోంచి తీసిన ఆల్చిప్ప. తినడానికి జనం ఊళ్ళు దాటి రావడం మొదలైంది.

అలా వచ్చింది పర్యాటకం. 2015లో వర్జీనియా ప్రభుత్వం ఆయిస్టర్ ట్రైల్ పేరుతో ఒక బాట ప్రారంభించింది. ఇది కాలిబాట కాదు. సాగుదారులు, హోటళ్ళు, బసలు, పడవ యాత్రలు, మ్యూజియంలను కలిపి గీసిన పటం. దాని కిటుకంతా రుచిలో ఉంది. ఆల్చిప్ప ఏ నీళ్ళు తాగితే ఆ రుచి. అట్లాంటిక్ పక్కన చింకొటీగ్ దగ్గర పెరిగింది కటిక ఉప్పు. రాపహానక్ పైకి వెళ్ళేకొద్దీ ఉప్పు తగ్గి, వెన్నలా తియ్యబడుతుంది. జాతి అదే, సీడు అదే కావచ్చు. ఇలా రాష్ట్రాన్ని ఎనిమిది రుచుల ప్రాంతాలుగా పంచారు. బందరు లడ్డూ బందర్లోనే తినాలి, ఆత్రేయపురం పూతరేకు ఆత్రేయపురంలోనే కొనాలి అనుకునే మనకు ఈ వ్యాపారం ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద సంబరం అర్బానా ఊళ్ళో. ఐదారు వందల గడప కూడా లేని ఊరు. నవంబరు మొదటి వారాంతంలో రెండు రోజులు వేలకు వేల మంది దిగుతారు. 1950ల చివర్లో మొదలైన ఈ తిరనాళ్ళను 1988లో రాష్ట్ర అధికారిక ఆల్చిప్పల పండుగగా ప్రకటించారు. ఊరేగింపులు, బ్యాండ్లు, వేయించినవి, కాల్చినవి, పులుసు పెట్టినవి. పచ్చివి తినేవాళ్ళు చిప్పలోనే నిమ్మకాయ పిండుకుని గుటుక్కున మింగుతారు. ఆ ధైర్యం నాకు లేదు, నేను వేయించిన పక్షం. ధైర్యం సంగతి అలా ఉంచి, వేసవి వెచ్చని నీళ్ళలో విబ్రియో అనే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది కనుక కాలేయ జబ్బున్నవాళ్ళూ, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళూ పచ్చివి ముట్టుకోకూడదని అక్కడి వైద్యులే చెబుతారు.

ఆ పండుగలో చూడాల్సింది చిప్పలు తెరిచే పోటీ. చిన్న మొద్దు కత్తి, కీలు దగ్గర ఒక తిప్పు, లోపల కండరం తెగేలా ఒక గీత. మాంసానికి గాటు పడకూడదు, చిప్ప పెంకు రాలకూడదు. డెబొరా ప్రాట్, క్లెమెంటీన్ మేకన్ బాయిడ్ అనే అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి ఈ పోటీల్లో ఒకరికొకరు ఎదురు నిలిచారు. డెబొరా జాతీయ విజేతగా కూడా నిలిచింది. ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆల్చిప్పలు తెరిచే షెడ్లలో చలికి చేతులు పగిలేలా గ్యాలన్ లెక్కన కూలికి పనిచేసినవాళ్ళలో నల్లజాతివాళ్ళే ఎక్కువ. ఇంకా వెనక్కి వెళితే థామస్ డౌనింగ్ కనిపిస్తాడు. 1791లో చింకొటీగ్‌లో పుట్టిన స్వేచ్ఛా నల్లజాతీయుడు. న్యూయార్క్ వెళ్ళి, బ్రాడ్ స్ట్రీట్‌లో 1825లో ఆల్చిప్పల హోటలు పెట్టాడు. పైన బ్యాంకర్లూ రాజకీయ నాయకులూ కూర్చుని తినేవారు. కింద నేలమాళిగలో పారిపోయి వచ్చిన బానిసలు దాక్కునేవారు. డౌనింగ్ ఆల్చిప్పలు విక్టోరియా రాణి దాకా వెళ్ళాయి. ఆల్చిప్పల బాట మీద పర్యాటకులకు చెప్పే కథల్లో ఈ మనిషికి ఇంకా పెద్ద చోటు దక్కాలి.

ఆల్చిప్ప తినండి, అఖాతాన్ని కాపాడండి అనే మాట ఈ బాట పొడుగునా వినిపిస్తుంది. సగం నిజం. సాగు ఆల్చిప్ప పెరిగినంత కాలం నీళ్ళు వడకడుతుంది, దాన్ని తీసినప్పుడు ఒంట్లోని నత్రజని కూడా బయటికొస్తుంది. దానికి కాలుష్య నియంత్రణ లెక్కల్లో 2016లో గుర్తింపు కూడా ఇచ్చారు. ఇంకో మేలు, బోనులో పెరిగినది బల్ల మీదికి వస్తే అడవి దిబ్బల మీద ఒత్తిడి తగ్గుతుంది. కానీ ట్రిప్లాయిడ్‌కు పిల్లలుండరు, బోను దిబ్బ కాదు. ఎన్ని కోట్లు పెంచినా అఖాతం అడుగు ఒక్క అంగుళం లేవదు. ఆ పని పిల్లల్ని కనే అడవి ఆల్చిప్పే చేయాలి. సాగును చూపించి పునరుద్ధరణ అయిపోయిందనుకోవడం తప్పు.

సాగుకు ఒక తలనొప్పి కూడా ఉంది. వర్జీనియా బీచ్ నగరంలో లిన్‌హేవెన్ అనే నది ఆల్చిప్పలకు ఒకప్పుడు పెట్టింది పేరు. కాలుష్యం వల్ల ఏళ్ళ తరబడి అక్కడ పట్టడం నిషేధించారు. నీళ్ళు శుభ్రం చేసుకుంటూ వచ్చి కొన్ని భాగాల్ని మళ్ళీ తెరిచారు. సాగుదారులు కౌలుకు దిగారు. ఒడ్డున లక్షల డాలర్ల ఇళ్ళున్నవాళ్ళు లేచారు. బోనులు చూడ్డానికి బాగాలేవు, మా పడవలకు అడ్డం, మా పిల్లలు ఈదేదెక్కడ అని. సాయంత్రం అదే నది ఒడ్డున హోటల్లో ఆల్చిప్పలు అడుగుతారు. ఈ తగాదా రాష్ట్ర శాసనసభ దాకా వెళ్ళింది. పల్లెకారుల వాడ పక్కనే రిసార్టు కట్టి, చేపలు ఎండబెడుతున్నారు, కంపు కొడుతోందని ఫిర్యాదు చేసేవాళ్ళు మన తీరంలోనూ ఉన్నారు.

అఖాతం నీళ్ళ మురికిలో తెలుగువాళ్ళకూ ఒక పాత్ర ఉంది. వర్జీనియా ఉత్తరాన లౌడన్ కౌంటీలో, యాష్‌బర్న్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి ఇళ్ళ ముందు పచ్చిక మీద చల్లే ఎరువు వానకు కొట్టుకుపోయి వాగుల్లో పడి, వాగులు పొటోమాక్‌లో పడి, పొటోమాక్ చీసపీక్‌లో కలుస్తుంది. మేరీలాండ్ 2011లోనే పచ్చికకు ఎరువు ఎంత వేయాలో, ఎప్పుడు వేయకూడదో చట్టం చేసింది. మన పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు వాళ్ళ పచ్చికను చూసి మురిసిపోతూ ఇంకో రెండు గుప్పిళ్ళు ఎరువు చల్లమని సలహా ఇవ్వకుండా ఉంటే అఖాతానికి అంత మేలు.

మన దగ్గరా ఆల్చిప్పలున్నాయి. కాకినాడ అఖాతంలో పల్చటి కిటికీ చిప్పల్ని సున్నం కోసం టన్నుల కొద్దీ తీశారు, గుల్లసున్నం వేసిన గోడలు కోస్తాలో ఇంకా ఉన్నాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970ల్లోనే తూత్తుకుడిలో తినే ఆల్చిప్పల సాగు చేసి చూపింది. ఆధారం కోసం సున్నం పూసిన పెంకులు వాడింది. 1990ల నుంచి కేరళలో అష్టముడి సరస్సులో మహిళా సంఘాలు ఖాళీ చిప్పల్ని తాళ్ళకు గుచ్చి వేలాడదీసి సాగు చేస్తున్నాయి. ఆంధ్ర తీరంలో అది కుదురుకోలేదు. ఒక కారణం తినేవాళ్ళు లేకపోవడం. రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే ఉప్పుటేళ్ళలో పెరిగిన ఆల్చిప్పను నమ్మి ఎవరు తింటారన్నది ఇంకో కారణం, నా దృష్టిలో అదే పెద్దది. లిన్‌హేవెన్‌లో ముందు శుభ్రపడింది నీళ్ళు, తర్వాతే వచ్చాయి ఆల్చిప్పలు.

మళ్ళీ చిప్పల దగ్గరికి. చీసపీక్‌లో ఇప్పుడు ఖాళీ చిప్ప కోసం పోటీ. దిబ్బలు కట్టేవాళ్ళకు కావాలి, తమ దిబ్బల మీద పోసుకోవడానికి వాటర్‌మెన్‌కు కావాలి, హేచరీలకు కావాలి. అందుకే హోటళ్ళ వెనక ప్రత్యేకంగా డబ్బాలు పెట్టారు. మేరీలాండ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ 2010 నుంచి, వర్జీనియాలో రిచ్‌మండ్‌లోని వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి 2013 నుంచి వాటిని పోగుచేస్తున్నాయి. తెచ్చినవాటిని వెంటనే నీళ్ళలో వేయరు. అంటుకున్న మాంసంతో రోగాలు నీళ్ళలోకి చేరకుండా, ఏడాది దాకా గుట్టలు పోసి ఎండకూ వానకూ వదిలేస్తారు. తర్వాత హేచరీ తొట్టి, ఆ తర్వాత నది. చిప్పలు తెచ్చి అప్పగించినవాళ్ళకు మేరీలాండ్ ప్రభుత్వం బుషెల్‌కు 5 డాలర్ల దాకా పన్ను తగ్గిస్తుంది. తిన్నాక మిగిలిన ఎంగిలికి సర్కారు రాయితీ ఇచ్చే భోజనం ఇంకొకటి ఉందేమో, నేనైతే వినలేదు.